మంచం కింది బల్ల

"ఇవి వేలాడగట్టేశాక వెళ్దువుగానిలే," అన్నాడు దొక్సు, గామ్ పండ్ల బుట్ట తెచ్చి భార్య మోకాళ్ళ ముందు దించుతూ.

ఆయన అంటున్నది ఆసుపత్రికి వెళ్ళే సంగతి. బజారుకి వెళ్ళే సంగతి చెప్పినట్టే చెప్పాడు. ఒక్రాన్ తలెత్తలేదు. మిషను ముల్లుకి పండు గుచ్చింది, కాలితో మీట నొక్కింది. పండు గిర్రున తిరిగింది, తొక్క పొడుగ్గా రిబ్బనులా జారి ఒళ్ళో పడింది. పండు తీసి పక్కన పెట్టి ఇంకోటి గుచ్చింది. గామ్ తోటలకి పేరున్న సంగ్జు ఊళ్ళో అక్టోబరు నెల సగం దాటిందంటే ఏ ఇంట చూసినా ఇదే పని. పచ్చి గామ్ చూడ్డానికి పెద్ద టమాటాలా ఉంటుంది గానీ కొరికితే వగరుకి నాలుక మందమైపోతుంది. అదే తొక్క తీసి, కొక్కేలకి తగిలించి, చలిగాలికి వేలాడదీస్తే ఆ వగరంతా పోయి తేనె ముద్దవుతుంది. కానీ మెత్తబడకముందే తొక్క తీసెయ్యాలి. పండు ఎవరికోసమూ ఆగదు. ఈ ఇంట్లో ఆగాల్సిందల్లా ఒక్రాన్ ఒంట్లో ఉన్నది ఒక్కటే.

"ఈ నెల దాటకూడదంది డాక్టరమ్మ," అంది.

"డాక్టర్లు అలాగే అంటారు. వాళ్ళకి గామ్ తోటలు లేవుగా."

ఇవి కట్టడం అయ్యాక చలికాలానికి కాబేజీ కిమ్చీ ఊరపెట్టాలి. ఆడపడుచు ఇంటికి కూడా ఇక్కణ్ణించే వెళ్ళాలి. అది అయ్యాక మామగారి తద్దినం. ఆ తరవాత ఎండిన పండ్లు దింపి పెట్టెల్లో సర్దడం. అది అయ్యేసరికి కొత్త సంవత్సరం, దాని వంటలు, దాని చుట్టాలు. 'ఆ తరవాత' అనేది ఈ ఇంట్లో ఎప్పుడూ ఇంకో 'ఆ తరవాత'కి దారి చూపిస్తుంది తప్ప గుమ్మం చూపించదు. పెళ్ళయి వచ్చిన ఏడాదే తెలిసింది ఒక్రాన్‌కి. ఇప్పుడు ఆమెకి అరవై దాటాయి.

వేళ్ళకేసి చూసుకుంది. గామ్ జిగురుకి గోళ్ళు, గోళ్ళ చుట్టూ చర్మం నల్లగా అయిపోయాయి. ఎంత తోమినా పోదు. మందు ఎక్కిస్తే జుట్టు రాలుతుంది, గోళ్ళు నల్లబడొచ్చు అని డాక్టరమ్మ ముందే హెచ్చరించినప్పుడు ఒక్రాన్‌కి నవ్వొచ్చింది. ఆ గోళ్ళ సంగతి తనకి కొత్త కాదు.

మొదలైంది చలి తగ్గి చెట్లు చిగురేస్తున్న రోజుల్లో. ముట్లుడిగి పదేళ్ళు దాటిన మనిషి లోబట్ట మీద పల్చగా, కడిగిన నెత్తురులాంటి మరక. ఒకరోజు కనిపించి పోయింది. మళ్ళీ పది పన్నెండు రోజులకి వచ్చింది. ఎవరితో అనాలో తెలీక ఊళ్ళో ఆడవాళ్ళందరూ కలిసే స్నానాలింట్లో, వేణ్ణీళ్ళ ఆవిరిలో కూచుని, యెచొనమ్మ వీపు రుద్దుతూ మెల్లిగా అంది. ఈ ఊరికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళని పుట్టినూరి పేరుతోనే పిలుస్తారు. పొరుగింటావిడ యెచొన్‌లో పుట్టింది కనక యెచొనమ్మ. ఒక్రాన్‌ది జిన్‌సెంగ్ వేళ్ళు పండే పుంగి కనక పుంగి కోడలు. ఆ పేర్లతోనే ముసలివాళ్ళయిపోయారు.

మెల్లిగా అన్నా ఆవిరిలో మాట దాగదు కదా. అవతలి తొట్టిలోంచి ఒకావిడ గట్టిగా అరిచింది.

"వింటున్నారా, పుంగి కోడలికి వయసు తిరిగొచ్చిందట!"

"దొక్సు ఏం పెడుతున్నాడే? జింక కొమ్ము పొడా?"

"మాక్కూడా కాస్త అడిగి పెట్టవే, మా ముసలాడి మొహాన కొడతాను!"

అందరూ నవ్వారు. పదిమంది బట్టల్లేకుండా కూచుని నవ్వుతుంటే అందులో ఒక సుఖం ఉంటుంది. ఒక్రాన్ కూడా నవ్వింది. వయసు తిరిగి రావడమంటే ఇలా ఉంటుంది కాబోలనుకుంది. ఒక్క యెచొనమ్మ మాత్రం వీపు అటు తిప్పేసి, "ఒకసారి చూపించుకో," అంది. ఆ మాట నీళ్ళ చప్పుడులో కలిసిపోయింది.

అత్తగారితో కూడా అంది. చెప్పకుండా ఉండాల్సింది. అత్తగారికి ఎనభై నాలుగు. మోకాళ్ళు పోయాయి గానీ చెవులూ లెక్కలూ పోలేదు. కూతురు పండక్కి తెచ్చిన ఎర్ర జిన్‌సెంగ్ రసం ప్యాకెట్లు దిండు పక్కనే డబ్బాలో పెట్టుకుని రోజుకొకటి తాగుతుంది.

"అదా సంగతి!" అంది ముసలావిడ. "నా ప్యాకెట్లు ఇంత తొందరగా ఎలా అయిపోతున్నాయా అని చూస్తున్నా. పుంగి పిల్లవి కదా, మూత తియ్యకుండానే వాసన పట్టేస్తావు. ముసలిదాని మందు తాగితే నెత్తురు పొంగదూ మరి?"

"నేను ముట్టుకోలేదు అత్తయ్యా."

"ముట్టుకోకుండానే ముట్టయ్యావా?"

పక్కగదిలో టీవీ చూస్తున్న దొక్సు గొంతు పెంచాడు. "పోనీలే అమ్మా, తాగితే తాగింది. మళ్ళీ తెప్పిస్తాలే."

అలా చెయ్యని దొంగతనానికి క్షమాభిక్ష దొరికింది. మరకకి మాత్రం ఏమీ దొరకలేదు. తను తాగలేదని నమ్మించడం ఎలాగా అన్న ఆలోచనలోనే కొన్నాళ్ళు గడిచిపోయాయి. ఒంట్లోంచి నెత్తురు పోతున్న మనిషి, డబ్బాలో ప్యాకెట్లు తను తియ్యడం లేదని రుజువు చేసుకోడానికి వంటింట్లోంచి అత్తగారి గదిలోకి వెళ్ళడమే మానేసింది. పిలిస్తే గుమ్మం దగ్గర నిలబడి పలికేది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. అప్పుడు మండలేదు.

వేసవిలో కూతురు బొరమ్ వచ్చింది. తేగు నగరంలో ఒక స్కూలు ఆఫీసులో పని చేస్తుంది. వచ్చిన రోజు బట్టలు ఆరేస్తూ తల్లి లోబట్టలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఎన్నాళ్ళనించి?"

"చిగుళ్ళేసినప్పటినించి."

"అమ్మా! చెప్పాలనిపించలేదా ఎవరికీ?"

"చెప్పాను. నవ్వారు."

తేగులో పెద్దాసుపత్రికి బొరమే తీసుకెళ్ళింది. ముక్క తీసి పరీక్ష చేశారు. గర్భసంచి లోపలి పొరలో క్యాన్సరన్నారు. గర్భసంచి, అండాశయాలు, చుట్టూ కొన్ని గ్రంథులు, అన్నీ తీసెయ్యాలన్నారు. ఆపరేషనుకి వెళ్ళే ముందురోజు ఒక్రాన్ పెద్ద గుండిగలో ఆవు ఎముకల చారు కాచింది. పొద్దుటినించి సాయంత్రం దాకా, తెల్లగా పాలలా అయ్యేదాకా. ఈ దేశంలో ఇంటావిడ గుండిగ నిండా ఎముకల చారు కాచిందంటే ఊరెళుతోందని మొగాళ్ళకి అర్థమైపోతుంది. "పొయ్యి మీద అది ఉందంటే నా గుండె ఝల్లుమంటుందే," అని దొక్సు ఎప్పుడూ వేళాకోళమాడతాడు. ఆ ఝల్లుమనడం తన గురించో, తిండి గురించో ఒక్రాన్ ఎప్పుడూ అడగలేదు.

వార్డులో చేరగానే నర్సు అడిగింది. "పేషెంటు తాలూకు ఎవరండీ?"

"నేనే," అన్నాడు దొక్సు ముందుకొచ్చి. తన ఫోన్ నంబరు చెప్పాడు. సంతకం పెట్టాడు. కాస్త గర్వంగానే పెట్టాడు.

ప్రతి రోగి మంచం కిందా ఒక పొట్టి బల్ల ఉంటుంది, మోకాలెత్తున. పగలు లోపలికి తోసేస్తారు, రాత్రి బయటికి లాగుతారు. దాని మీద పల్చటి రెక్సిను పరుపు. పేషెంటు తాలూకు మనిషి పడుకోవలసింది దాని మీద. ఆ బల్ల ఒక్రాన్‌కి బాగా తెలుసు. మామగారు పోయే ముందు దాని మీద పడుకుంది. అత్తగారు తుంటి విరగ్గొట్టుకున్నప్పుడు చలికాలమంతా దాని మీదే పడుకుంది. పక్కకి తిరిగితే భుజం అంచు దాటి గాల్లో ఉంటుంది. పైనున్న మనిషి దగ్గితే లేవాలి, గొణిగితే లేవాలి. అప్పట్లో ఒకసారి ఫోన్లో, భుజం పట్టేసిందండీ అంటే దొక్సు, "అలవాటవుతుందిలే," అన్నాడు.

ఆపరేషనైన మొదటి రాత్రి దొక్సు ఆ బల్ల మీద పడుకున్నాడు. పడుకున్నాడనడం కన్నా మూలిగాడనడం నయం. ఒక్రాన్‌కి మత్తు దిగీ దిగకుండా ఉంది, కడుపులో ఎవరో నిప్పులు సర్దుతున్నట్టుంది, కింద నించి ఆయన మూలుగు. రెండో రాత్రి, "నా నడుం ఇంక నాది కాదే," అన్నాడు. "ఇరవై ఏళ్ళనించీ ఉన్న నొప్పి. ఈ చెక్క మీద ఇంకో రాత్రి పడుకుంటే నన్ను కూడా ఇక్కడే చేర్చుకోవాలి." కోపంగా అనలేదు. జాలిగానే అన్నాడు, తన మీద తనకి. వార్డులో దీపాలు తగ్గించారు. ఒక్రాన్ సెలైను గొట్టం చేత్తో పట్టుకుని, కడుపుకి దిండు అదుముకుని, ఒక్కొక్క కాలే దించి బల్ల మీదికి దిగింది. "మీరు పైకెక్కండి. నాకు అలవాటేగా," అంది. ఆయన ఎక్కాడు. గురక కూడా పెట్టాడు.

తెల్లారకముందే నెత్తురు తీసుకోడానికి వచ్చిన నర్సు దుప్పటి తొలగించి, చెయ్యి పట్టుకుని, రబ్బరు పట్టీ బిగించింది. వెంట్రుకలున్న చెయ్యి. దొక్సు కెవ్వుమన్నాడు. నర్సు అంతకన్నా గట్టిగా కెవ్వుమంది. వార్డంతా లేచి కూచుంది. ఎదుటి మంచం ముసలావిడ, "ఏమయ్యోయ్, నీకూ గర్భసంచి తీశారా?" అంటే కుట్లు పట్టుకుని మరీ నవ్వారు అందరూ. ఒక్రాన్ కూడా కింద బల్ల మీదనించి నవ్వింది, కుట్టు దగ్గర చురుక్కుమనేదాకా. ఒక్క నర్సే నవ్వలేదు. చిన్నపిల్ల. ఒక్రాన్‌ని పైకి లేపుతూ చెవిలో అంది, "అమ్మా, ఇంకోసారి ఇలా దిగకండి. మంచం మీది."

మంచం మీది. ఆ మాట అప్పుడు మామూలుగానే వినిపించింది. ఇంటికొచ్చాక కూరలు తరుగుతుంటే, బట్టలు మడతపెడుతుంటే వినిపించడం మొదలుపెట్టింది.

తీసినదాన్ని పరీక్ష చేసి రిపోర్టు వచ్చాక డాక్టరమ్మ ఇద్దర్నీ కూచోబెట్టింది. "సంచి దాటి పోలేదు. మొదటి దశ," అంది. దొక్సు అంతవరకు విన్నాడు. మొహం విప్పారింది. తొడ మీద చరుచుకున్నాడు. ఆ తరవాత డాక్టరమ్మ చెప్పినదంతా ఒక్రాన్ ఒక్కతే విన్నట్టుంది.

"కానీ ఇది మామూలుగా వచ్చే రకం కాదమ్మా," అందావిడ, దొక్సుని కాకుండా ఒక్రాన్‌నే చూస్తూ. "గర్భసంచి క్యాన్సర్లో ఎక్కువమందికి వచ్చేది నెమ్మదిగా ఉంటుంది. ఆపరేషనుతో చాలామందికి సరిపోతుంది. మీకొచ్చింది సీరస్ అనే అరుదైన రకం. సన్నగా ఉన్నవాళ్ళకీ వస్తుంది, ముట్లుడిగి ఎన్నో ఏళ్ళయ్యాక ఎండిపోయిన పొరలోనూ పుడుతుంది. చిన్నగా ఉన్నప్పుడే కణాలు పొట్టలోకి, ఇంకా దూరానికి జారుకుంటాయి. మా కంటికి కనపడవు. అందుకని మందు ఎక్కించాలి. మూడేసి వారాలకొకసారి, ఆరుసార్లు. తరవాత లోపలినించి కొంచెం రేడియేషను. ముక్క మీద ఇంకో పరీక్షకి కూడా పంపాను. అందులో ఫలానా గుర్తు ఉంటే ఇంకో మందు కలపొచ్చేమో చూస్తాం."

"వేసుకుంటే బతుకుతానా?"

"మాటివ్వలేను. ముందే పట్టుకున్నాం కనక, మందు వేసుకున్నవాళ్ళలో ఎక్కువమంది నిలబడుతున్నారు. వేసుకోకపోతే తిరిగి రావడం ఎక్కువ. తిరిగొచ్చాక మేం చెయ్యగలిగింది తక్కువ. కుట్లు మానగానే మొదలుపెట్టాలి. అక్టోబరు దాటనివ్వకండి."

బస్సులో దొక్సు ఊరందరికీ ఫోన్లు చేశాడు. "మొదటి దశేనట! మంచి క్యాన్సరేనట! మన యెచొనమ్మకి వచ్చిందే, అదే!" యెచొనమ్మకి ఎప్పుడో గర్భసంచి క్యాన్సరొస్తే ఆపరేషను చేశారు, అంతే, మళ్ళీ ఆసుపత్రి మొహం చూడలేదు. ఇప్పటికీ గామ్ పెట్టెలు రెండేసి ఎత్తుతుంది. ఆవిడ దొక్సుకి దొరికిన సాక్ష్యం. ఒక్రాన్ కిటికీలోంచి చూస్తూ కూచుంది. మంచి కోడలు. మంచి క్యాన్సర్. ఈ ఇంట్లో మంచిదన్న పేరొచ్చిందంటే ఇంక దాన్ని ఎవరూ పట్టించుకోనక్కర్లేదన్నమాట.

అయినా ఆసుపత్రి వాళ్ళు తేదీ ఇచ్చారు. ఈ గురువారం, అంటే ఎల్లుండే. బుట్టలో పండ్లు సగమయ్యాక ఒక్రాన్ చేతులు తుడుచుకుని ఆసుపత్రికి ఫోన్ చేసింది. నెత్తురు పరీక్షకి పరగడుపున రావాలా, తిని రావాలా అని అడుగుదామని. పేరు చెప్పింది. అవతల అమ్మాయి కంప్యూటరు చూసి, "మీకు గురువారం లేదు కదమ్మా," అంది. "డిసెంబరుకి మార్పించారు."

"ఎవరు?"

"మీ తాలూకు వారే. కిందటి వారం ఫోన్ చేశారు. ఇంట్లో పనులున్నాయట."

ఒక్రాన్ ఫోన్ పెట్టేసింది. జిగురు వేళ్ళకి ఫోను అతుక్కుని వెంటనే ఊడిరాలేదు. మళ్ళీ మిషను ముందు కూచుంది. పండు గుచ్చింది, తొక్క తీసింది, గుచ్చింది, తీసింది. చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. ఆమెకి చేతుల మీద కోపమొచ్చింది. ఒంట్లో అన్నీ తన మాట వింటాయనుకుంది ఇన్నాళ్ళూ. వినేది ఈ రెండు చేతులే, అవి కూడా తన మాట కాదు. పొట్టలో ఎక్కడో, కంటికి కనపడనిది, డాక్టరమ్మ చెప్పిన ఆ నలుసు, ఈ నిమిషంలో కూడా జారుతోందో ఏమో. దానికి గామ్ పండ్లు లేవు. కిమ్చీ లేదు. తద్దినం లేదు. దానికి మాత్రం డిసెంబరు దాకా ఆగమని చెప్పేవాళ్ళెవరు?

సాయంత్రం భోజనాల దగ్గర అత్తగారికి చేప ముళ్ళు తీసి పెట్టి అడిగింది.

"ఆసుపత్రికి ఫోన్ చేశారా మీరు?"

"ఆ. చెప్పడం మర్చిపోయా," అన్నాడు దొక్సు చారు జుర్రుకుంటూ. "డిసెంబరంటే సరేనన్నారు. ఎంత మర్యాదగా మాట్లాడిందో ఆ పిల్ల."

"నన్నడగలేదు."

"నిన్నెందుకడుగుతారు? తాలూకు నేను కదా, నంబరు నాదే ఉంది."

"వాళ్ళు కాదు. మీరు."

ఆయన చాప్‌స్టిక్సు కింద పెట్టాడు. "ఇప్పుడు నేనేం తప్పు చేశానే? పండ్లు మెత్తబడిపోతే ఏడాది కష్టం పందులకి పోసుకోవాలి. అమ్మనెవరు చూస్తారు? అయినా సంచే తీసేశారు. లేనిదానికి మందేంటి? యెచొనమ్మ వేసుకుందా? దాన్ని చూడు, గుర్రంలా లేదూ?"

"చారు చల్లారిపోతోంది," అంది అత్తగారు. "ముందు తినండి."

తిన్నారు. గిన్నెలు ఒక్రాన్ కడిగింది.

మర్నాడు పొద్దున్న యెచొనమ్మ సాయానికి వచ్చింది. ఈ రోజుల్లో ఒకరింటి పండ్లకి ఇంకొకరు చెయ్యేసుకుంటారు. ఎదురెదురుగా కూచుని తొక్క తీస్తుంటే ఒక్రాన్ అడిగింది, "వదినా, నీకు మందు ఎక్కించలేదు కదూ?"

యెచొనమ్మ మిషను ఆపేసింది. "మీ ఆయన అడగమన్నాడా?"

"లేదు. నేనే."

"ఇదిగో, నా గర్భసంచిని మీ ఇంట్లో సాక్ష్యానికి ఎవడు పిలిచాడో వాణ్ణి నా ముందుకి రమ్మను! నాది వేరే రకమే. నెమ్మదిదని డాక్టరు అప్పుడే చెప్పాడు. బొరమ్ నాకు ఫోన్ చేసి అంతా చెప్పింది. నీదీ నాదీ ఒకటి కాదు. మీ ఆయనకి పండగప్పుడే చెప్పాను, నన్ను చూసి లెక్కలెయ్యకు మరిదీ అని. ఏమన్నాడో తెలుసా? 'వదినా, నువ్వు రాయివి' అని నవ్వాడు. రాయినట!"

యెచొనమ్మ మళ్ళీ మీట నొక్కింది గానీ ముల్లుకి పండు లేదు. ముల్లు ఊరికే తిరిగింది.

"నాకు ఆపరేషనైనప్పుడు మా ఆయన రాలేదు," అంది. "వరికోతలు. మంచం కింద బల్ల ఖాళీగా ఉంటే పక్కావిడ దాని మీద చెప్పులు పెట్టుకుంది. ఎత్తు బాగుందట. అన్ని రోజులూ ఆ చెప్పులు చూస్తూ పడుకున్నా." ముక్కు చీదుకుంది. "రేపు పొద్దున్నే నేను పెట్టెలు దింపడానికి టౌనుకి బండి తీస్తున్నా. బస్టాండు మీదుగానే పోతా. ముందు సీటు ఖాళీయే."

ఒక్రాన్ లేచి పెరట్లోకి వెళ్ళింది. వరసలు వరసలుగా వేలాడుతున్న గామ్ పండ్ల కింద నిలబడి ఆసుపత్రికి మళ్ళీ ఫోన్ చేసింది. నిన్నటి అమ్మాయే ఎత్తింది. నాకు గురువారమే కావాలి అంది. ఆ అమ్మాయి ఎవరితోనో మాట్లాడి వచ్చింది. డాక్టరమ్మ ఒప్పుకున్నారనీ, మంచం ఉంది రమ్మన్నారనీ చెప్పింది.

"ఇంకోటమ్మా. తాలూకు నంబరు మార్చాలి."

"చెప్పండి."

ఒక్రాన్ అంకెలు ఒక్కొక్కటే చెప్పింది.

"ఇది పేషెంటు నంబరే కదమ్మా?"

"అవును. ఇంక అదే."

గురువారం చీకటితో లేచింది. చిన్న సంచీలో రెండు జతలు సర్దుకుంది. వంటింట్లోకి వెళ్ళి అలవాటు చొప్పున గుండిగ అందుకుంది. చేతిలో బరువు తెలిశాక ఆగింది. తిరగేసి, శుభ్రంగా తుడిచి, పొయ్యి మీద బోర్లించింది. ఎముకల చారు లేదు. కూరలు చేసి డబ్బాల్లో పెట్టలేదు. ఫ్రిజ్‌లో గుడ్లున్నాయి. గుడ్డు పగలగొట్టడం ఎవరికైనా వచ్చు. ఈ ఒక్క సంగతి మొన్నటిదాకా తనకెందుకు తట్టలేదా అనుకుంది.

చెప్పులేసుకుంటుంటే అత్తగారి గది తలుపు సందులోంచి గొంతు వినిపించింది.

"వెళుతున్నావా?"

ఒక్రాన్ గుమ్మం దగ్గరే నిలబడింది, ఎప్పట్లాగే. "వెళుతున్నానత్తయ్యా. ఆయన లేచాక గంజి కాచి పెడతారు."

"వాడా?" ముసలావిడ చీకట్లో నవ్వినట్టు దగ్గింది. "వెళ్ళు. మందు వేయించుకునే రా. వాడికేం తెలుసు. నువ్వు ముందు పోతే నా తద్దినం ఎవరు పెడతారే?"

ఆ ఇంట్లో ఒక్రాన్‌ని బతకమని అన్నది ఆవిడొక్కతే. ఎందుకు బతకాలో కూడా చెప్పింది. ఒక్రాన్‌కి కోపం రాలేదు. ఆవిడకి కూడా ఎవరో ఒకప్పుడు ఇలాగే చెప్పి ఉంటారు, ఆవిడ అది దీవెన అనుకుని ఉంటుంది. ఇన్నేళ్ళ తద్దినాలు కళ్ళ ముందు తిరిగాయి. రాత్రంతా వేయించిన అట్లు, ఎత్తుగా పేర్చిన పండ్లు. తను వండితే మగవాళ్ళు వంగి దణ్ణం పెట్టిన పెద్దలు, తనకి ఏమీ కానివాళ్ళు. బతుకుతాను అనుకుంది ఒక్రాన్. దానికోసం మాత్రం కాదు. దేనికోసమన్నది ఇంకా తెలీదు. తెలుసుకోడానికైనా కొన్నాళ్ళు కావాలి కదా.

"తలుపు దగ్గరగా వేసుకోండి, చలిగా ఉంది," అని మాత్రం అంది.

వార్డులో చేతికి సూది గుచ్చేముందు నర్సు ఆమె వేళ్ళు చూసి గాభరా పడింది. ఒక్రాన్ నవ్వి, "గామ్ జిగురమ్మా," అంది. అదే చిన్నపిల్ల, అప్పుడు కెవ్వుమన్న పిల్ల. ఆ పిల్ల గుర్తుపట్టి కింద బల్లకేసి ఒకసారి చూసింది. బల్ల లోపలికి తోసి ఉంది. మందు చుక్కచుక్కగా దిగింది. నోట్లో ఇనుప రుచి, కాళ్ళల్లో చలి. భయమేసింది. భయమేసినా పక్కనెవరూ మూలగడం లేదు. మధ్యాహ్నం బొరమ్ ఆఫీసునించి పరిగెత్తుకొచ్చి, తల నిమిరి, ఏడిచి, మళ్ళీ పరిగెత్తింది.

సాయంత్రానికి దొక్సు వచ్చాడు. గామ్ మరకల చొక్కాతోనే వచ్చాడు. గుమ్మంలో నిలబడి వార్డంతా చూసి, ఒక్రాన్ని చూసి, దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అన్నాడు.

"ఏంటే ఇది? చెప్పకుండా? యెచొనమ్మ ఊరంతా చాటింది, పెళ్ళాన్ని ఒక్కదాన్నే పంపాడని. ఊరి పెద్దాయన కూడా అడిగాడు. తలెత్తుకోలేకపోయా. చెల్లెలొచ్చింది అమ్మ దగ్గరికి, మొహం మాడ్చుకుని. గుండిగ బోర్లించి పోయావు. పొద్దుణ్ణించీ తిండి లేదు నాకు."

ఒక్రాన్ వింది. అందులో తన ఒంటి మాట ఎక్కడైనా వస్తుందేమోనని చివరిదాకా వింది.

"కింద క్యాంటీను ఉంది," అంది.

ఆయన వెళ్ళి తినొచ్చాడు. ఇంక బస్సు లేదు. బల్ల బయటికి లాగి, కూచుని, చొక్కా గుండీలు తీసుకుని, వెనక్కి వాలాడు. రెక్సిను కిర్రుమంది. ఇటు తిరిగాడు, అటు తిరిగాడు. భుజం అంచు దాటింది. చాలాసేపటికి, దీపాలు తగ్గించాక, మూలిగాడు.

"అమ్మా, నా నడుం."

ఒక్రాన్ దుప్పటి మెడదాకా లాక్కుంది.

"ఒసే. ఈ చెక్క మీద నా వల్ల కాదే." ఆ గొంతు ఆమెకి తెలుసు. అది ఫిర్యాదు కాదు, ఎదురుచూపు. ఎదుటి మంచం మీద ఎవరో మెలకువగా ఉన్నారు. వార్డు తలుపు దగ్గర నర్సు తెల్ల చెప్పులు ఆగాయి.

ఒక్రాన్ కాళ్ళు దుప్పటి కింద కదిలాయి. అలవాటుగా, అంచు కేసి. ఆ కాళ్ళని ఆమె వెనక్కి లాక్కుంది. ఒకటి, తరవాత రెండోది. నల్లటి గోళ్ళున్న చెయ్యి దుప్పటి మీద పెట్టుకుని, మంచం మధ్యకి జరిగి పడుకుంది.

"అలవాటవుతుందిలెండి," అంది.